డబ్బాకు కాదు, సిగ్నల్‌కు డబ్బు కడదాం!

డేటా కార్డు కొన్నవాళ్లూ కొనబోయేవాళ్లూ ఆదివారం ఉదయం 9 గంటలకు శాఖా గ్రంథాలయానికి తరలిరండి!

విద్యార్థులారా! కొలువుల కోసం చదువుతున్న అన్నలారా, అక్కలారా! ఇంట్లో కూర్చుని కంపెనీ పని చేస్తున్న మిత్రులారా! అప్పోసప్పో చేసి పిల్లల చేతికి ల్యాప్‌టాప్ ఇచ్చిన తల్లిదండ్రులారా!

మన మండలంలో ఇప్పుడు ల్యాప్‌టాప్ లేని వాడ లేదు. నెట్ ఉన్న వాడలు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఫైబర్ తీగ మెయిన్ రోడ్డు దిగి లోపలికి రాలేదు. గుట్ట కింది వాడకూ, తండాలకూ, చెరువు అవతలి కొత్త కాలనీకీ దిక్కు డేటా కార్డే. డాంగిల్ అన్నా, నెట్ సెట్టర్ అన్నా, వైఫై డబ్బా అన్నా పని ఒక్కటే. అందులో సిమ్ వేసి ల్యాప్‌టాప్‌కు తగిలిస్తే నెట్ వస్తుందని నమ్మి వేల రూపాయలు పోస్తున్నాం. దుకాణంలో బ్రహ్మాండంగా వస్తుంది. ఇంటికి తెచ్చాక మొరాయిస్తుంది. మళ్లీ దుకాణానికి పోతే "సిమ్ కంపెనీని అడుగు" అంటారు. సిమ్ కంపెనీకి ఫోన్ చేస్తే "మీ పరికరంలో లోపం ఉన్నట్టుంది" అంటారు. ఇద్దరి మధ్య మనం తిరుగుతుండగానే రీచార్జి గడువు అయిపోతుంది.

ఈ తిరుగుడు ఇక చాలు. నెట్ ఎందుకు రావడం లేదో తెలుసుకుందాం. అడగాల్సిన చోట, అడగాల్సిన తీరులో, అందరం కలిసి అడుగుదాం.

అట్ట మీది అంకెకూ మన ఇంటికీ సంబంధం లేదు

బస్టాండు పక్క దుకాణంలో జరిగేది మనందరం చూసిందే. కౌంటర్ మీద ల్యాప్‌టాప్, దానికి కొత్త డాంగిల్, తెర మీద తళతళలాడే సినిమా పాట. దుకాణం ఎదురుగానే టవర్ ఉంది, మధ్యలో అడ్డం ఏమీ లేదు. అట్టపెట్టె మీద 150 ఎంబీపీఎస్ అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. అది ఆ పరికరం 4జీలో ఎంత వేగం దాకా అందుకోగలదో చెప్పే అంకె. టవర్ ఇచ్చేది వేరు. టవర్ దగ్గర ఉన్నది ఎంతైనా, ఆ వేళకు దాన్ని వాడుతున్నవాళ్లంతా పంచుకోవాలి. రాత్రి ఎనిమిదికి ఊరంతా ఫోన్లు పట్టుకుంటే మన వాటా చిక్కిపోతుంది.

ఇంకో కిటుకు కూడా ఉంది. కంపెనీ వేగాన్ని మెగాబిట్లలో చెబుతుంది, మన ఫైలు మాత్రం మెగాబైట్లలో ఉంటుంది. ఒక బైటుకు 8 బిట్లు. అంటే అట్ట మీది 150 పూర్తిగా వచ్చినా సెకనుకు 19 మెగాబైట్లు దాటదు.

రోజువారీ డేటా అయిపోయాక వచ్చే వేగం సంగతి చూడండి. చాలా ప్లాన్లలో అది 64 కేబీపీఎస్, అంటే సెకనుకు 8 కిలోబైట్లు. ఇంటర్ మెమో, కుల ధ్రువీకరణ పత్రం, ఆదాయ పత్రం కలిపి స్కాన్ చేస్తే 5 మెగాబైట్ల ఫైలు అయిందనుకుందాం. ఆ వేగంతో అది ఎక్కడానికి పది నిమిషాలకు పైనే పడుతుంది. అంతసేపు ఏ దరఖాస్తు పేజీ ఆగుతుంది? మధ్యలోనే 'సెషన్ ముగిసింది' అంటుంది, మళ్లీ మొదటికి రావాలి. ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్లకో, దోస్త్ అడ్మిషన్‌కో ఆఖరి రాత్రి ఇదే జరిగితే ఏడాది చదువు ఏమైపోవాలి?

బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవాలంటే కనీస వేగం ఎంత ఉండాలో ప్రభుత్వమే నిర్ణయించింది. 2004లో 256 కేబీపీఎస్ అన్నారు, 2013లో 512 చేశారు, 2023 జనవరిలో 2 ఎంబీపీఎస్‌కు పెంచారు. 64 కేబీపీఎస్ అందులో ముప్పయ్యో వంతు కూడా కాదు. "డేటా అయిపోయినా నెట్ ఆగదు" అన్న మాటను నమ్మేముందు ఈ లెక్క గుర్తు చేసుకోండి.

పాత డాంగిళ్లు నేర్పిన పాఠం

2009, 2010 నాటి సంగతి పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. టాటా ఫోటాన్ ప్లస్, రిలయన్స్ నెట్‌కనెక్ట్, ఎంటీఎస్ ఎంబ్లేజ్ డేటా కార్డులు ఇంజనీరింగ్ హాస్టళ్లలో గదికొకటి కనిపించేవి. అవి సీడీఎంఏ పద్ధతిలో పనిచేసేవి. ఏ కంపెనీ కార్డు ఆ కంపెనీ నెట్‌వర్కుకే కట్టుబడి ఉండేది. 2017లో ఎంటీఎస్ వెళ్లి రిలయన్స్ కమ్యూనికేషన్స్‌లో కలిసింది, ఆ ఏడాది చివరికి ఆ కంపెనీ మొబైల్ సేవలే మూతపడ్డాయి. టాటా మొబైల్ వ్యాపారం 2019లో ఎయిర్‌టెల్‌లో కలిసిపోయింది. ఇంకో సిమ్ వేసుకునే వీలు లేక ఆ కార్డులన్నీ డబ్బాల అడుగుకు చేరాయి.

తర్వాత 3జీ డాంగిళ్లు వచ్చాయి. 2016 సెప్టెంబరులో జియో 4జీతోనే మొదలైంది. దానికి 2జీ, 3జీ అసలే లేవు. ఎయిర్‌టెల్ 2020 నాటికి 3జీని ఆపేసింది. అయినా అంగళ్లలో, ఆన్‌లైన్ పాత సామాను అమ్మకాల్లో 3జీ డాంగిళ్లు ఇంకా చేతులు మారుతూనే ఉన్నాయి. "ఐదొందలకే డాంగిల్" అని ఎవరైనా అంటే ఆ ధర ఎందుకు అంత తగ్గిందో ఆలోచించండి!

కొనబోయేవాళ్లారా, ఐదు మాటలు వినండి

ఒకటి. ముందు ఫోన్‌తో పరీక్షించండి. మీ చేతిలోని 4జీ ఫోన్ కూడా డేటా కార్డే. హాట్‌స్పాట్ పెట్టండి, లేదా చార్జింగ్ తీగతో ల్యాప్‌టాప్‌కు కలిపి యూఎస్‌బీ టెదరింగ్ నొక్కండి. ఏ గదిలో చదువుతారో ఆ గదిలోనే, ఏ వేళకు చదువుతారో ఆ వేళకే చూడండి. పక్కింటివాళ్ల దగ్గర, చుట్టాల దగ్గర వేరే కంపెనీ సిమ్ ఉంటే ఒక గంట అడిగి తీసుకోండి. ఫోన్‌కు అందని సిగ్నల్ అదే గదిలో డాంగిల్‌కు అందుతుందని ఆశపడొద్దు. ఫోన్‌తోనే పని జరుగుతుంటే డాంగిల్ కొననే వద్దు, ఆ డబ్బు ఫీజుకు పనికొస్తుంది.

రెండు. అన్ని కంపెనీల సిమ్‌లూ పనిచేసే డాంగిలే కొనండి. ఒక కంపెనీకే తాళం వేసి అమ్మేది ఎంత చవకైనా తీసుకోవద్దు. దుకాణంలోనే రెండు వేర్వేరు సిమ్‌లు వేసి చూపించమనండి.

మూడు. అట్టపెట్టె వెనుక బ్యాండ్ల (సిగ్నల్ పౌనఃపున్యాల) పట్టిక ఉంటుంది, అది చదవండి. మన దేశంలో 4జీకి వాడేవి ముఖ్యంగా 1, 3, 5, 8, 40 నంబర్ల బ్యాండ్లు. బీఎస్‌ఎన్‌ఎల్ 4జీ వాడాలనుకుంటే 28 కూడా ఉందో లేదో చూడండి. అది 700 మెగాహెర్ట్జ్ బ్యాండు, దూరం పోతుంది, గోడలు దాటుతుంది. 2025 సెప్టెంబరులో దేశమంతటా మొదలుపెట్టిన బీఎస్‌ఎన్‌ఎల్ 4జీ ఊళ్లలో దాని మీదే ఎక్కువ ఆధారపడుతుంది. పాత డాంగిళ్లు చాలావాటిలో ఆ బ్యాండు ఉండదు.

నాలుగు. బిల్లు లేకుండా కొనొద్దు. బిల్లు మీద ఐఎంఈఐ నంబరు రాయించండి. 15 అంకెల ఆ నంబరు డాంగిల్ మూత కిందో, వెనుక చీటీ మీదో ఉంటుంది. వాడిన డాంగిల్ కొంటుంటే మెసేజ్‌లో కేవైఎం అని ఇంగ్లిషు అక్షరాలు కొట్టి, ఒక ఖాళీ వదిలి, ఆ నంబరు రాసి 14422కు పంపండి. దొంగ సరుకైతే బయటపడుతుంది.

ఐదు. "ఇంట్లో సిగ్నల్ అందకపోతే వారంలోపు వాపసు తీసుకుంటాం" అని బిల్లు మీద రాసిచ్చి సంతకం పెట్టమనండి. నోటిమాట మీద కొనొద్దు. రాసివ్వనంటే పక్క దుకాణానికి పోండి. పదిమంది ఇలా తిరిగిపోతే పదకొండోవాడికి అడగకుండానే రాసిస్తారు.

కొన్నవాళ్లారా, పారేసేముందు ఇవి చేసి చూడండి

డాంగిల్‌లోని సిమ్ తీసి ముందు ఫోన్‌లో వేయండి. రీచార్జి ఉందా, నెట్ వస్తోందా చూడండి. సిమ్‌కు పిన్ తాళం ఉంటే తీసేయండి. అక్కడే ఆగిపోయిన డాంగిళ్లు చాలా ఉంటాయి.

డాంగిల్‌ను ల్యాప్‌టాప్‌కు పెట్టగానే కొన్నింటికి తెర మీద సీడీ గుర్తు వస్తుంది. దాన్ని తెరిచి అందులోని సాఫ్ట్‌వేర్ ఎక్కించాలి. కొత్త రకాలకు అది అక్కర్లేదు. బ్రౌజర్‌లో 192.168తో మొదలయ్యే చిరునామా కొడితే డాంగిల్ పేజీ తెరుచుకుంటుంది. పూర్తి చిరునామా డాంగిల్ వెనుకే ఉంటుంది. ఆ పేజీలో ఏపీఎన్ అనే గడి చూడండి. జియో సిమ్‌కు జియోనెట్, బీఎస్‌ఎన్‌ఎల్ సిమ్‌కు బీఎస్‌ఎన్‌ఎల్‌నెట్ అని ఇంగ్లిషు చిన్న అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా ఉండాలి. పాత సిమ్ ఏపీఎన్ అలాగే ఉండిపోతే సిగ్నల్ గీతలన్నీ నిండుగా కనిపిస్తాయి కానీ ఒక్క పేజీ తెరుచుకోదు.

అదే పేజీలో సిగ్నల్ బలం ఆర్‌ఎస్‌ఆర్‌పీ అన్న పేరుతో ఉంటుంది, మైనస్ అంకెల్లో. మైనస్ 80 దగ్గర ఉంటే చాలా బాగున్నట్టు. మైనస్ 100 అయితే నడుస్తుంది. మైనస్ 110 దాటి పోతే ఇబ్బందే. డాంగిల్‌ను ల్యాప్‌టాప్ పక్కకు గుచ్చి ఇనుప బీరువా వెనుక కూర్చుంటే ఏ టవర్ ఏం చేస్తుంది? మీటరు, రెండు మీటర్ల యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ తీగ కొని, టవర్ వైపున్న కిటికీ దగ్గర డాంగిల్ వేలాడదీయండి. ఆ అంకె ఎలా మారుతుందో చూస్తూ చోటు వెతకండి. రేకుల ఇళ్లలోవాళ్లు కిటికీ బయటికి పెడితేనే ఫలితం. రేకు సిగ్నల్‌ను లోపలికి రానివ్వదు. తీగ మరీ పొడుగైతే డాంగిల్‌కు కరెంటు చాలదు, మాటిమాటికీ ఆగిపోతుంది.

"ఏమీ చూడలేదు, డేటా ఎటుపోయిందో" అనేవాళ్లు వినండి. కొత్త రకం డాంగిల్‌ను విండోస్ మామూలు తీగ కనెక్షన్ అనుకుంటుంది. అడ్డూఅదుపూ లేని నెట్ దొరికిందనుకుని చాటుగా అప్‌డేట్లు దింపుకుంటుంది. సెట్టింగుల్లో నెట్‌వర్క్ విభాగంలోకి పోయి ఆ కనెక్షన్‌కు 'మీటర్డ్' ఆన్ చేయండి. డేటా ఎంత వాడామో తెలిపే మెసేజ్‌లు ఫోన్‌కు రావు, డాంగిల్ పేజీలోని ఎస్ఎంఎస్ పెట్టెలో పడి ఉంటాయి. వారానికొకసారైనా దాన్ని తెరవండి. వైఫై డబ్బా అయితే కొన్నప్పటి పాస్‌వర్డ్ ఆ రోజే మార్చండి, లేకుంటే మీ రీచార్జి మీద వాడంతా సినిమాలు చూస్తుంది.

ఇంత చేసినా రాకపోతే తప్పు మనది కాదు!

అప్పుడు అడగాలి. కస్టమర్ కేర్‌తో గొంతు చించుకుని ఫోన్ పెట్టేస్తే ఫిర్యాదు చేసినట్టు కాదు. నంబరు చేతికొస్తేనే ఫిర్యాదు.

మొదటి మెట్టు: అదే కంపెనీ సిమ్ నుంచి 198కి ఫోన్ చేయండి. పైసా ఖర్చు లేదు. "ఫిర్యాదు నమోదు చేసి డాకెట్ నంబరు ఇవ్వండి" అని స్పష్టంగా అడగండి. తేదీ, వేళ, నంబరు నోటుబుక్కులో రాసుకోండి.

రెండో మెట్టు: గడువులోగా పరిష్కారం కాకపోయినా, చెప్పిన జవాబు నచ్చకపోయినా, అదే కంపెనీలోని అప్పీలు అధికారికి అప్పీలు పెట్టండి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2012 నిబంధనల ప్రకారం ప్రతి కంపెనీకీ ఆ అధికారి ఉండాలి. అప్పీలుకు ఫీజు లేదు. డాకెట్ నంబరు లేకపోతే మాత్రం ఈ మెట్టు ఎక్కలేరు.

మూడో మెట్టు: జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. దుకాణదారు మీదా, కంపెనీ మీదా చెప్పుకోవచ్చు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. మనం ఉంటున్న జిల్లాలోనే కేసు వేయొచ్చు. కట్టిన సొమ్ము 5 లక్షల రూపాయల లోపైతే ఫీజు లేదు. వకీలు లేకున్నా మన కేసు మనమే చెప్పుకోవచ్చు. రెండేళ్ల లోపు వేయాలి, అంతే. "టెలిఫోన్ గొడవలు వినియోగదారుల కోర్టుకు రావు" అని ఎవరైనా బెదిరిస్తే నమ్మకండి. వస్తాయని 2022 ఫిబ్రవరిలో వోడాఫోన్ ఐడియా కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది.

ఒక్కరు అడిగితే "మీ ఇంట్లో ఏదో సమస్య" అంటారు. ఒకే వాడ నుంచి నలభై డాకెట్ నంబర్లు ఒకే వారంలో పడితే ఆ మాట అనడానికి వీల్లేదు. అందుకే ఈ పిలుపు.

ఆదివారం ఏం చేయబోతున్నాం?

ఉదయం 9 గంటలకు గ్రంథాలయం ముందు కలుద్దాం. డాంగిల్ ఉన్నవాళ్లు డాంగిల్, ల్యాప్‌టాప్, బిల్లు తీసుకురండి. లేనివాళ్లు ఫోన్ తెస్తే చాలు. ఇంజనీరింగ్ చదువుతున్న మన పిల్లలే కూర్చుని ఏపీఎన్ నుంచి మీటర్డ్ దాకా అన్నీ సరిచూస్తారు. ఎవరూ రూపాయి ఇవ్వనక్కర్లేదు.

10 గంటలకు నాలుగు జట్లుగా వాడల్లోకి పోదాం. ప్రతి జట్టు దగ్గర జియో, ఎయిర్‌టెల్, వీఐ, బీఎస్‌ఎన్‌ఎల్ సిమ్‌లు ఉంటాయి. గుట్ట కింది వాడ, తండాలు, కొత్త కాలనీ, హాస్టలు, బడి, అంగన్‌వాడీ, ఒక్కటీ వదలొద్దు. ప్రతిచోటా గది లోపల ఒకసారి, మిద్దె మీదో ఆరుబయటో ఒకసారి కొలిచి, సిగ్నల్ అంకె, డౌన్‌లోడ్, అప్‌లోడ్ వేగాలు నోటుబుక్కులో రాద్దాం. ట్రాయ్ వాళ్ల మైస్పీడ్ యాప్‌తో కొలిస్తే ఆ లెక్క వాళ్లకూ చేరుతుంది. పగలు ఒక తీరు, రాత్రి ఒక తీరు కాబట్టి రాత్రి 8 గంటలకు అవే చోట్ల మళ్లీ కొలుద్దాం.

ఏ చోట ఏ సేవ అందుతుందో మ్యాపు వేసి తమ వెబ్‌సైట్‌లో పెట్టాలని 2024 నిబంధనల్లో ట్రాయ్ కంపెనీలను ఆదేశించింది. వాళ్ల మ్యాపు పక్కన మన నోటుబుక్కు పెడదాం. వాళ్లు పచ్చరంగు పూసిన చోట మన ల్యాప్‌టాప్‌లో పేజీ తెరుచుకోకపోతే, ఆ తేడాయే మన ఫిర్యాదు.

సోమవారం ఎవరి నంబరు నుంచి వారు 198కి ఫోన్ చేసి డాకెట్ నంబరు తీసుకోవాలి. సాయంత్రానికల్లా నంబర్లన్నీ గ్రంథాలయంలోని రిజిస్టర్‌లో రాయాలి. గడువు దాటిన ప్రతి నంబరుకూ కలిసి కూర్చుని అప్పీలు రాద్దాం. అప్పటికీ కదలని కంపెనీని మూకుమ్మడిగా వదిలేద్దాం. నంబరు మారకుండా కంపెనీ మారే హక్కు మనకుంది.

మా డిమాండ్లు

- డేటా కార్డు అమ్మే ప్రతి దుకాణం ఐఎంఈఐ నంబరుతో బిల్లు ఇవ్వాలి. వాపసు షరతు బిల్లు మీదే రాయాలి.
- రోజువారీ డేటా అయిపోయాక వచ్చే వేగం ఎంతో రీచార్జి చేసే చోట తెలుగులో, పెద్ద అక్షరాల్లో రాసి పెట్టాలి.
- గుట్ట కింది వాడకూ, తండాలకూ సిగ్నల్ అందేలా కంపెనీలు టవర్ ఏర్పాటు చేయాలి. ఎప్పటిలోగా చేస్తాయో రాతపూర్వకంగా చెప్పాలి.
- పంచాయతీల దాకా ఫైబర్ వేస్తామని కేంద్రం 2011లోనే నిర్ణయించింది. ఆ తీగను పంచాయతీ ఆఫీసు గోడ దగ్గర ఆపకుండా గ్రంథాలయానికీ, బడికీ, హాస్టలుకూ తేవాలి. దరఖాస్తుల గడువు రోజుల్లో గ్రంథాలయం రాత్రి 10 గంటల దాకా తెరిచి ఉంచాలి.

అన్నలారా, అక్కలారా! నెట్ ఇప్పుడు సోకు కాదు. హాల్ టికెట్టు దాంట్లోనే, ఫలితాలు దాంట్లోనే, సీటు దాంట్లోనే, జీతం దాంట్లోనే. పట్నంలో పిల్లవాడికి ఎంత చెబితే అంత నెట్ వస్తుంటే, అదే రీచార్జి కట్టిన మన పిల్ల మిద్దెక్కి చేయి పైకెత్తి నిలబడాలా? మనం కడుతున్న రూపాయి తక్కువేమీ కాదు, మన హక్కూ తక్కువ కాదు.

ఈ కాగితం మడిచి జేబులో పెట్టుకోకండి. చదివి పక్కింటికి ఇవ్వండి. చదవడం రానివాళ్లకు చదివి వినిపించండి. కిరాణా కొట్టు గోడకూ, టీ బండికీ, నెట్ సెంటర్ తలుపుకూ అంటించండి. ఆదివారం ఇంటికొక్కరు కదలండి!

బిల్లు లేనిదే డాంగిల్ కొనం!
డాకెట్ నంబరు లేనిదే ఫోన్ పెట్టం!
కట్టిన రూపాయికి సిగ్నల్ ఇవ్వాలి, ఇచ్చేదాకా అడుగుదాం!

ఇట్లు,
మండలంలోని డేటా కార్డు వినియోగదారులు, విద్యార్థులు, తల్లిదండ్రులు

స్థలం: శాఖా గ్రంథాలయం ముందు
సమయం: ఆదివారం ఉదయం 9 గంటలు
తేవలసినవి: డాంగిల్, ల్యాప్‌టాప్ లేదా ఫోన్, బిల్లు, ఒక నోటుబుక్కు